ఇంకా రాని కార్డు కబుర్లు

"వచ్చే ఏడాది కొత్త గ్రాఫిక్స్ కార్డు వస్తుందట కదా, ఇప్పుడు కొనొచ్చా, ఆగమంటారా?" సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటరు విడిభాగాలు అమ్మేవాళ్ళు ఈ ప్రశ్నను ఏళ్ళ తరబడి వింటున్నారు. అడిగేవాడి దగ్గర అప్పటికే బోలెడంత సమాచారం ఉంటుంది. రాబోయే కార్డులో ఇన్ని కోర్లట, ఇంత మెమరీ అట, ఇన్ని వాట్ల కరెంటు తీసుకుంటుందట. కంపెనీ ఇంకా నోరు విప్పలేదు, వస్తువు ఇంకా దుకాణానికి రాలేదు. మరి ఈ అంకెలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? వాటిలో నమ్మదగ్గవి ఏవి?

దీనికి జవాబు కార్డు పుట్టుకలోనే ఉంది. కార్డు గురించిన సంగతులు రెండు రకాలు. కొన్ని సిలికాన్ మీద అచ్చుపడిపోతాయి, వాటిని చివర్లో ఎవరూ మార్చలేరు. కొన్ని ఆఖరి వారం దాకా మనుషుల చేతుల్లోనే ఉంటాయి. మొదటి రకాన్ని చాలా ముందుగానే, ఒక్కోసారి కాగితం మీద లెక్కేసి కూడా పసిగట్టవచ్చు. రెండో రకం గురించి ఎంత గట్టిగా చెప్పినా అది ఊహే.

చిప్ మీద చోటు ఎంత?

4కే తెర మీద అడ్డంగా 3,840, నిలువుగా 2,160 చుక్కలుంటాయి. మొత్తం దాదాపు 83 లక్షలు. ఆట సాఫీగా కదలాలంటే సెకనుకు 60 సార్లు బొమ్మను కొత్తగా గీయాలి. అంటే సెకనుకు దాదాపు 50 కోట్ల చుక్కలకు రంగు తేల్చాలి. ఒక చుక్క రంగు తేల్చడానికి పక్క చుక్క లెక్క పూర్తయ్యేదాకా ఆగాల్సిన పని చాలావరకు లేదు. అందుకే వేలాది చిన్న లెక్కల యంత్రాలను పక్కపక్కన పేర్చి ఒకేసారి పని చేయిస్తారు. వీటినే కోర్లు అంటున్నాం. వేగం పెరగాలంటే కోర్లు పెరగాలి, కోర్లు పెరగాలంటే ట్రాన్సిస్టర్లు పెరగాలి, వాటికి చోటు కావాలి.

2006లో వచ్చిన ఎన్విడియా జీఫోర్స్ 8800 జీటీఎక్స్ చిప్ విస్తీర్ణం 484 చదరపు మిల్లీమీటర్లు. అందులో 68 కోట్ల ట్రాన్సిస్టర్లు. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 చిప్ 608 చదరపు మిల్లీమీటర్లు, అందులో 7,630 కోట్ల ట్రాన్సిస్టర్లు. పదహారేళ్ళలో చిప్ పెరిగింది పావు వంతే. దాని మీది ట్రాన్సిస్టర్లు నూట పది రెట్లకు పైగా పెరిగాయి. ఈ కథంతా నడిపించింది ట్రాన్సిస్టర్ చిన్నదవుతూ రావడమే.

చిప్‌ను ఎందుకు ఇంకా పెద్దది చేయరు? మొదటి అడ్డంకి అచ్చు యంత్రం. చిప్ మీది గీతలను కాంతితో అచ్చువేస్తారు. ఆ యంత్రం ఒక్క దెబ్బకు అచ్చువేయగలిగిన చోటు 26 మిల్లీమీటర్లు అడ్డం, 33 మిల్లీమీటర్లు నిలువు. అంటే 858 చదరపు మిల్లీమీటర్లు. అంతకన్నా పెద్ద చిప్ ఒకే ముక్కగా రాదు. 2018 నాటి ఆర్‌టీఎక్స్ 2080 టీఐ చిప్ 754, 2025 నాటి ఆర్‌టీఎక్స్ 5090 చిప్ 750 చదరపు మిల్లీమీటర్లు. గడపకు దగ్గరగా వచ్చేశాం. కొత్త కార్డులో వెయ్యి చదరపు మిల్లీమీటర్ల ఏకశిలా చిప్ ఉంటుందని ఎవరైనా చెబితే ఆ కబురును అక్కడే వదిలేయవచ్చు.

రెండో అడ్డంకి డబ్బుకు సంబంధించినది. మేడ మీద పాత చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టారనుకుందాం. ఎండేలోపు గాలికి పది చోట్ల మట్టి రేణువులు పడ్డాయి. చిన్న వడియాలు మూడు వందలు పెట్టి ఉంటే పది పోయి రెండు వందల తొంభై చేతికొస్తాయి. అదే చీర మీద అరచేతులంత వడియాలు ఇరవై పెట్టి ఉంటే దాదాపు సగం పాడైనట్టే. చీర అదే, పడిన మట్టీ అంతే. చిప్‌లు తయారయ్యే సిలికాన్ వేఫర్ 300 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి పలక. ప్రపంచంలోకెల్లా శుభ్రమైన గదుల్లో తయారైనా దాని మీద అక్కడక్కడా లోపాలు తప్పవు. 750 చదరపు మిల్లీమీటర్ల చిప్‌లు ఆ పలక మీద సుమారు 70 మాత్రమే పడతాయి, కాబట్టి ఒక్కో లోపం ఖరీదైనదే.

అయితే ఇంజనీర్లు పాడైన చిప్‌ను మొత్తంగా పారేయరు. లోపమున్న భాగాన్ని మూసేసి మిగతాది వాడతారు. 5090 చిప్ పూర్తి రూపంలో 24,576 కోర్లుంటాయి, అమ్మే కార్డులో పనిచేసేవి 21,760. 4090లో పూర్తి సంఖ్య 18,432, అమ్మినది 16,384. రెండుసార్లూ పదింట తొమ్మిది వంతులకు కాస్త తక్కువే. రాబోయే పెద్ద చిప్ పూర్తి కోర్ల సంఖ్య ఇంత అని కబురు వస్తే, దుకాణంలో దొరికే కార్డులో అంతకన్నా తక్కువే ఉంటాయని అనుకోవడం మంచిది.

పాత పద్ధతా, కొత్త పద్ధతా?

నన్నడిగితే, రాబోయే కార్డు గురించి అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది కోర్ల సంఖ్య కాదు. అది ఏ తయారీ పద్ధతిలో అచ్చవుతుందన్నది. ఇది రహస్యంగా దాగేది కూడా కాదు. తైవాన్‌లోని టీఎస్ఎంసీ వంటి చిప్ తయారీ సంస్థలు ఏ కొత్త పద్ధతి ఏ ఏడాదికి సిద్ధమవుతుందో ఏళ్ళ ముందే ప్రకటిస్తాయి.

2012 నుంచి 2016 దాకా గ్రాఫిక్స్ చిప్‌లన్నీ 28 నానోమీటర్ల పద్ధతిలోనే ఇరుక్కుపోయాయి. తర్వాతి మెట్టు 20 నానోమీటర్లు ఈ చిప్‌లకు అచ్చిరాలేదు. ఈ చిప్‌లు చేసే ఎన్విడియా, ఏఎండీ రెండూ దాన్ని దాటేశాయి. ఆ కాలంలో చిప్‌లను పెంచుకుంటూ పోవడం తప్ప పెద్దగా దారి లేకపోయింది. 2015 నాటి టైటాన్ ఎక్స్ చిప్ 601 చదరపు మిల్లీమీటర్లకు చేరింది. తర్వాత 16 నానోమీటర్ల పద్ధతి అందింది. 2016 మేలో వచ్చిన జీటీఎక్స్ 1080 చిప్ 314 చదరపు మిల్లీమీటర్లే, దాదాపు సగం. అయినా టైటాన్ ఎక్స్‌ను దాటేసింది, కరెంటు కూడా తక్కువ తీసుకుంది. ఆ ఏడాదికి ముందు ఆగినవాళ్ళ ఓపిక ఫలించింది.

దీనికి పూర్తిగా ఎదురు కథ 2025 నాటి 5090ది. అది 4090 వాడిన కుటుంబానికి చెందిన టీఎస్ఎంసీ పద్ధతిలోనే తయారైంది. ట్రాన్సిస్టర్ పెద్దగా చిన్నదవలేదు కాబట్టి చిప్ పెరగాలి, లేదా వేడెక్కాలి. రెండూ జరిగాయి. విస్తీర్ణం 608 నుంచి 750కి, ట్రాన్సిస్టర్లు 7,630 కోట్ల నుంచి 9,220 కోట్లకు, కరెంటు 450 వాట్ల నుంచి 575 వాట్లకు పెరిగాయి. ఆటల్లో అసలు వేగం నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పెరిగింది. తయారీ పద్ధతి తెలిసిన రోజునే ఈ ఫలితాన్ని ఇంచుమించుగా చెప్పగలిగి ఉండేవాళ్ళం.

మెమరీ లెక్క మీరే వేయండి

గ్రాఫిక్స్ చిప్ చుట్టూ మెమరీ చిప్‌లు వరసగా అతికించి ఉంటాయి. ఒక్కో మెమరీ చిప్‌కు 32 బిట్ల వెడల్పున దారి ఉంటుంది. కార్డు వివరాల్లో '256 బిట్లు', '384 బిట్లు' అని రాసేది ఈ దారులన్నిటి మొత్తం వెడల్పు. దాన్ని 32తో భాగిస్తే మెమరీ చిప్‌లు ఎన్నో తేలుతుంది. ఒక్కో చిప్‌లో 2 జీబీ ఉంటే, 256 బిట్ల కార్డులో ఎనిమిది చిప్‌లు, 16 జీబీ. ఆర్‌టీఎక్స్ 5080 అదే. 5090లో 512 బిట్లు, అంటే పదహారు చిప్‌లు, 32 జీబీ. 4090లో 384 బిట్లు, పన్నెండు చిప్‌లు, 24 జీబీ. 4060లో 128 బిట్లు, నాలుగు చిప్‌లు, 8 జీబీ. ఎక్కడా తేడా రాదు.

ఒక మినహాయింపు ఉంది. బోర్డు వెనక వైపు కూడా చిప్‌లు అతికించి మెమరీని రెట్టింపు చేయవచ్చు. 128 బిట్ల 4060 టీఐలో 16 జీబీ రకం అలా వచ్చిందే. ఇక కొత్తగా 3 జీబీ పట్టే జీడీడీఆర్7 రకం మెమరీ చిప్‌లు కూడా వచ్చాయి. ల్యాప్‌టాప్‌లలో వచ్చే 5090లో 256 బిట్ల దారికి ఎనిమిది చిప్‌లు పెట్టి 24 జీబీ ఇచ్చింది వీటితోనే.

ఇప్పుడు మీ చేతికి ఒక పరీక్ష దొరికింది. '256 బిట్లు, 20 జీబీ' అని కబురు వస్తే ఎనిమిది చిప్‌లతో 16 గానీ 24 గానీ వస్తుంది, ఒకే రకం చిప్‌లతో 20 రాదు. 192 బిట్లయితే 12 లేదా 18. వేగం కూడా ఇలాగే తేల్చవచ్చు. 5090లో ఒక్కో బిట్టు దారి మీద సెకనుకు 28 గిగాబిట్లు ప్రయాణిస్తాయి. 28ని 512తో గుణించి, బైట్ల కోసం 8తో భాగిస్తే సెకనుకు 1,792 జీబీ. కంపెనీ ప్రకటించిన అంకె ఇదే. ఏమీ అతికించని ఖాళీ బోర్డు ఫొటో ఒకటి బయటికొస్తే చాలు, మెమరీ చిప్‌ల కోసం వదిలిన గళ్ళు లెక్కపెట్టి ఇదంతా చెప్పేయవచ్చు. ఫ్యాక్టరీ నుంచి పొక్కిన మసక ఫొటోల కోసం జనం అంతగా ఎగబడేది అందుకే.

కబురు పొక్కే దారులు

చిప్ రూపకల్పన మొదలైనప్పటి నుంచి కార్డు అమ్మకానికి వచ్చేదాకా మూడు నాలుగేళ్ళు పట్టవచ్చు. ఆ లోపల దాన్ని చూసే కళ్ళు వేలల్లో ఉంటాయి. చిప్ గీసేవాళ్ళు, అచ్చువేసేవాళ్ళు, కార్డులు బిగించే తైవాన్, చైనా కంపెనీలు, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు. ఇంతమంది మధ్య రహస్యం నిలవడం కష్టమే. కానీ చాలా కబుర్లకు దొంగ కూడా అక్కర్లేదు, చట్టప్రకారం దాఖలైన కాగితాలు చాలు.

దాదాపు పదేళ్ళ కిందట ఈ కాగితాల్లో హైదరాబాద్ పేరు తరచుగా కనబడేది. ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి మూలం కెనడాకు చెందిన ఏటీఐ. టొరంటో పక్కన మార్కమ్‌లో దాని ఇంజనీర్లు తయారుచేసిన నమూనా కార్డులు పరీక్షల కోసం హైదరాబాద్‌లోని ఏఎండీ కేంద్రానికి విమానంలో వచ్చేవి. కస్టమ్స్ దగ్గర ప్రతి పెట్టెకూ వివరం రాయాలి. వస్తువు గ్రాఫిక్స్ కార్డు, రహస్య నామం ఫలానా, విలువ ఇన్ని రూపాయలు. మన దేశపు దిగుమతి వివరాలను అప్పట్లో జౌబా అనే సైటు అందరికీ చూపించేది. అమెరికాలోనూ యూరప్‌లోనూ కూర్చున్న ఔత్సాహికులు హైదరాబాద్ విమానాశ్రయానికి చేరిన పెట్టెల జాబితా చదివి, ఫిజీ అనే రహస్య నామంతో పెద్ద చిప్ వస్తోందని ముందే పోల్చుకున్నారు. రూపాయల్లో రాసిన విలువను బట్టి ఏది పెద్ద కార్డో, ఏది చిన్నదో అంచనా కట్టేవాళ్ళు. ఆ విలువ అమ్మకపు ధర కాదు, నమూనాకు కట్టిన లెక్క. దాన్ని డాలర్లలోకి మార్చి ఇదే ధర అనుకున్నవాళ్ళు పొరబడ్డారు.

మరో దారి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. కార్డు విడుదలైన రోజే లినక్స్‌లో పనిచేయాలంటే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, నెలల ముందే చేరాలి, ఆ కోడ్ అందరికీ కనబడుతుంది. దాచడానికి ఏఎండీ ఇంజనీర్లు ఒక చక్కని పద్ధతి పెట్టుకున్నారు. ఒక రంగు పేరు, ఒక చేప పేరు కలిపి చిప్‌కు మారుపేరు పెట్టేవారు. సియెన్నా సిక్లిడ్, నేవీ ఫ్లౌండర్, డిమ్‌గ్రే కేవ్‌ఫిష్, బీజ్ గోబీ అన్నవి ఆ పేర్లే. 2020 జూన్‌లో సియెన్నా సిక్లిడ్ కోడ్ బయటికొచ్చింది. నవంబరులో రేడియన్ ఆర్ఎక్స్ 6800గా అది దుకాణాలకు చేరింది.

నిజంగా దొంగతనం జరిగిన సందర్భమూ ఉంది. 2022 ఫిబ్రవరిలో లాప్సస్ అనే ముఠా ఎన్విడియా కంప్యూటర్లలోకి చొరబడి సమాచారం ఎత్తుకెళ్ళింది. అప్పటికి రాని కార్డుల చిప్‌ల వివరాలు అలా బయటపడ్డాయి. దాంతో వాటి మీద పని చేసిన ఇంజనీర్ల శ్రమ విడుదలకు ముందే బజారున పడింది. ఆ అంకెలు చాలావరకు నిజమే కావచ్చు, వాటిని చదివి సంబరపడటానికి మాత్రం నా మనసొప్పదు.

అంకె దొరికినా అర్థం దొరకదు

2020 వేసవిలో ఆర్‌టీఎక్స్ 3090లో 5,248 కోర్లుంటాయని గట్టిగా ప్రచారమైంది. సెప్టెంబరు 1న కంపెనీ చెప్పిన అంకె 10,496, సరిగ్గా రెట్టింపు. కబురు చెప్పినవాళ్ళకు దొరికింది తప్పుడు సమాచారం కాదు. అంతకుముందు చిప్‌లలో రెండు రకాల లెక్కల దారులు పక్కపక్కన ఉండేవి. ఒకటి దశాంశాల లెక్కలకు, రెండోది పూర్ణాంకాలకు. కొత్త చిప్‌లో రెండో దారి కూడా దశాంశాల లెక్కలు చేయగలిగేలా మార్చారు. దాంతో కోర్లు లెక్కపెట్టే పద్ధతే మారిపోయింది.

అంకె రెట్టింపైతే వేగమూ రెట్టింపైందా? 2080 టీఐలో 4,352 కోర్లు, 3080లో 8,704. ఆటల్లో తేడా 30 శాతం ప్రాంతంలోనే తేలింది. రెండో దారికి పూర్ణాంకాల పని ఎలాగూ ఉంది, అది చేస్తున్నంతసేపు దశాంశాల జోలికి రాదు. కోర్ల సంఖ్యను తరాల మధ్య పోల్చకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

కంపెనీ స్వయంగా చెప్పిన మాటకూ ఇదే జాగ్రత్త అవసరం. 2025 జనవరిలో ఎన్విడియా అధిపతి జెన్సన్ హ్వాంగ్ 549 డాలర్ల 5070 కార్డు 4090తో సమానమన్నారు. అసలు లెక్కించి గీసిన ఒక్కో బొమ్మకూ కృత్రిమ మేధ ఊహించిన మూడు బొమ్మలు జోడించి చెప్పిన సమానత్వం అది. గీసిన బొమ్మలు మాత్రమే లెక్కపెడితే 5070 చాలా వెనకబడుతుంది.

ముందున్నవాడు మాట్లాడడు

కంపెనీలు ఎందుకు దాస్తాయి? ఆడమ్ ఆస్‌బోర్న్ అనే ఆయన కథ ఇక్కడ చెప్పాలి. రమణ మహర్షి భక్తుడు ఆర్థర్ ఆస్‌బోర్న్ కొడుకు ఈయన, బాల్యం తిరువణ్ణామలైలో గడిచింది. 1981లో అమెరికాలో ఆస్‌బోర్న్ 1 అనే మోసుకెళ్ళగల కంప్యూటరును 1,795 డాలర్లకు తెచ్చి పెద్ద పేరు సంపాదించాడు. తర్వాతి మోడల్ దీనికన్నా ఎంతో మేలుగా ఉంటుందని ముందే చెప్పేశాడట. జనం పాతది కొనడం మానేశారు, కొత్తది సమయానికి రాలేదు, 1983 సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసింది. అసలు కారణాలు ఇంకా ఉన్నాయని చరిత్రకారులు వాదిస్తారు. వ్యాపార ప్రపంచం మాత్రం ఆ పాఠాన్ని ఆయన పేరుతోనే గుర్తుపెట్టుకుంది.

అందుకే బాగా అమ్ముడుపోయే కార్డు చేతిలో ఉన్న కంపెనీ రాబోయేదాని గురించి పెదవి విప్పదు. వెనకబడ్డ కంపెనీయే మాట్లాడుతుంది, ఎందుకంటే పక్కవాడి కార్డు కొనబోతున్న చేతిని ఆపాలి. 2009 సెప్టెంబరు 23న ఏఎండీ హెచ్‌డీ 5870ని విడుదల చేసింది. వారం తిరిగేసరికి ఎన్విడియా సభలో హ్వాంగ్ తమ ఫెర్మి కార్డును ఎత్తి చూపించారు. అది అసలు కార్డు కాదని, ఉత్త నమూనా అని తర్వాత కంపెనీయే ఒప్పుకుంది. అసలు కార్డు జీటీఎక్స్ 480 2010 మార్చి చివర్లో, 512 కోర్ల రూపకల్పనలో 480 మాత్రమే పనిచేస్తూ వచ్చింది.

2017లో ఇదే పని ఏఎండీ చేసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చేసిన రాజా కోడూరి అప్పుడు ఆ కంపెనీ గ్రాఫిక్స్ విభాగానికి పెద్ద. వేగా కార్డు కోసం జనవరిలో విడుదల చేసిన వీడియోలో ప్రత్యర్థి తర్వాతి చిప్ వోల్టాను జాలిపడుతున్నట్టు ఎద్దేవా చేశారు. ఆగస్టులో వచ్చిన వేగా, అప్పటికే ఏడాది పాతబడ్డ జీటీఎక్స్ 1080 దగ్గర ఆగింది. మన తెలుగువాడి విభాగం నుంచి వచ్చింది కదా అని ఎంతోమంది ఇక్కడ ఆశగా ఎదురుచూశారు. ఎనిమిది నెలల ఊరింపు ఆ కార్డుకు మేలు చేయలేదు.

ఆఖరి వారంలో తేలేవి

2022 మొదట్లో 4090 ఏకంగా 600 వాట్లు తీసుకుంటుందని చెప్పుకున్నారు. అక్టోబరులో 450 వాట్లతో వచ్చింది. కార్డుకు కరెంటు అందించే కొత్త కనెక్టర్ 600 వాట్ల దాకా తట్టుకునేదే, కాబట్టి కబురుకు ఆధారం లేకపోలేదు. చిప్‌కు ఎంత కరెంటు ఇవ్వాలన్నది సాఫ్ట్‌వేర్‌లో రాసే అంకె. దాన్ని చివరి రోజుల్లో కూడా మార్చవచ్చు.

ధర ఇంకా ఆలస్యంగా తేలుతుంది. 2008 జూన్‌లో ఎన్విడియా జీటీఎక్స్ 280ని 649 డాలర్లకు తెచ్చింది. అదే నెలలో ఏఎండీ చవక కార్డు హెచ్‌డీ 4870 రాగానే కొద్ది వారాల్లో దాన్ని 499కి దించింది. 2019లో ఏఎండీ ఆర్ఎక్స్ 5700 ఎక్స్‌టీ ధర 449 డాలర్లని ప్రకటించి, విడుదలకు రెండు రోజుల ముందు 399 చేసింది. నెలల ముందే ధర తెలిసిందనే మనిషిని నమ్మకండి, కంపెనీకే అది తెలిసి ఉండదు.

మన దేశంలో ఆ ధర మీద పన్ను కూడా చేరుతుంది. 549 డాలర్ల 5070కి ఎన్విడియా ఇక్కడ పెట్టిన ధర 59,000 రూపాయలు, 1,999 డాలర్ల 5090కి 2,14,000. రెండింటిలోనూ డాలరుకు దాదాపు 107 రూపాయలు. అప్పట్లో డాలరు విలువ 86 రూపాయల దగ్గర ఉంది, దాని మీద 18 శాతం జీఎస్టీ, పైన కొంత ఖర్చు. డాలర్ల ధర చూసి మారకపు విలువతో గుణించి డబ్బు దాచుకుంటే దుకాణంలో చాలదు.

ఆగాలా వద్దా అన్నదానికి నా లెక్క ఇది. తయారీ పద్ధతి మారబోతుంటే, లేదా మెమరీ చిప్ సైజు మారబోతుంటే ఆగడంలో అర్థముంది, ఎందుకంటే ఆ రెండింటి లాభం సిలికాన్‌లోనే వస్తుంది. ధర తగ్గుతుందన్న కబురు ఒక్కటే ఆధారమైతే, పని ఆగిపోయినవాళ్ళు ఉన్నది కొనుక్కోవడమే మేలు.

ధర, పేరు ఎంత ఆలస్యంగా మారగలవో 2022 సెప్టెంబరులో తెలిసొచ్చింది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4080 పేరుతో రెండు కార్డులు ప్రకటించింది. 899 డాలర్ల 12 జీబీ కార్డులో ఉన్నది 16 జీబీ కార్డులో ఉన్న చిప్ కాదు, అంతకన్నా చిన్నది. ఒకే పేరుతో రెండు వేర్వేరు చిప్‌లా అని కొనేవాళ్ళు మండిపడ్డారు. అక్టోబరు 14న కంపెనీ ఆ 12 జీబీ కార్డును ఉపసంహరించుకుంది. 2023 జనవరిలో అదే చిప్, అవే 7,680 కోర్లు, అదే 12 జీబీ మెమరీ ఆర్‌టీఎక్స్ 4070 టీఐ అనే పేరుతో 799 డాలర్లకు దుకాణాల్లోకి వచ్చాయి.